కబురుకీ రుజువుకీ మధ్య ఒక కోడిగుడ్డు

రెండు సెల్‌ఫోన్లు తీసుకోండి. మధ్యలో పచ్చి కోడిగుడ్డు నిలబెట్టండి. ఒక ఫోన్ నుంచి రెండోదానికి కాల్ చేసి అలాగే వదిలేయండి. పావుగంట దాకా ఏమీ కాదు. 25 నిమిషాలకు పెంకు వెచ్చబడుతుంది. 40 నిమిషాలకు వేడెక్కుతుంది. 65 నిమిషాలకు గుడ్డు ఉడికిపోతుంది. గుడ్డుకే ఇంత జరిగితే మీ మెదడుకి ఏం జరుగుతోందో ఆలోచించండి. మీ వాళ్లందరికీ పంపండి.

ఈ ఖబర్ మీకూ ఏదో ఒక రోజు వచ్చే ఉంటుంది. మొదట ఈమెయిళ్లలో తిరిగింది, తర్వాత ఫేస్‌బుక్ ఎక్కింది, ఇప్పుడు వాట్సాప్‌లో కాపురం పెట్టింది. కొన్నాళ్లు కనపడదు. పోయిందిలే అనుకుంటాం. మొహల్లాలో కొత్త టవర్ లేచినప్పుడో, 5జీ లాంటిది వచ్చినప్పుడో మళ్లీ నిద్ర లేస్తుంది. మా ఖాందాన్ గ్రూపులో దీన్ని పెట్టింది మా ఖాలా. "బేటా, గుడ్డే ఉడికిపోతుంటే మన భేజా సంగతేంది?" అని అడిగింది. ఆమెది జాహిల్ ప్రశ్న కాదు. గుడ్డు ఉడికిన మాట నిజమైతే ఆమె అడిగింది నూటికి నూరు పాళ్లు సరైన మాట. అందుకే అసలు గుడ్డు ఉడికిందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. నవ్వి వదిలేయాల్సిన ముచ్చటకి ఇంత లొల్లి ఎందుకని కొందరు దోస్తులు అంటారు. నవ్వి వదిలేయకూడదని నా అభిప్రాయం. కారణం చెబుతాను. దానికంటే ముందు ఈ ఖబర్ ఎక్కడ పుట్టిందో చూద్దాం.

హదీసు చదువుకున్నవాళ్లకు సనద్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. మాట ఎంత మంచిదైనా సరే, ఈయన ఎవరి దగ్గర విన్నాడు, ఆయన ఎవరి దగ్గర విన్నాడు అని గొలుసు పట్టుకుని వెనక్కి వెళ్తారు. చెప్పినవాడు నిజాయితీపరుడేనా, జ్ఞాపకశక్తి సరిగ్గా ఉందా, ఇద్దరూ ఒకే కాలంలో బతికారా అని కూడా చూస్తారు. గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా ఆ రివాయత్ జయీఫ్, అంటే బలహీనం అని పక్కన పెడతారు. ఈ పని కోసం మన బుజుర్గులు వేల మంది జీవిత వివరాలు రాసిపెట్టారు. అదే తరాజూలో ఈ గుడ్డు ముచ్చటను తూచి చూద్దాం.

మొదటి కొక్కెం ఇంగ్లండ్‌లో దొరుకుతుంది. 2000 సంవత్సరంలో, విమ్సీ అనే ఊహా గ్రామం పేరుతో నడిచే ఒక హాస్య వెబ్‌సైట్‌లో రెండు ఫోన్లతో గుడ్డు ఉడికించే పద్ధతి వచ్చింది. సెల్‌ఫోన్లు మెదడుని వేయించేస్తాయని జనం భయపడుతున్న రోజులవి. ఆ భయాన్ని వెక్కిరించడానికే అది రాశానని ఆ సైట్ నడిపే ఆయన తర్వాత తానే చెప్పాడు. అంటే మూలంలో ఇది మజాక్.

రెండో కొక్కెం రష్యాలో ఉంది. 2006లో కొమ్సొమోల్‌స్కాయా ప్రావ్దా అనే పెద్ద పత్రిక ఇదే సంగతిని తమ జర్నలిస్టులు చేసి చూసినట్టుగా, ఫొటోతో సహా వేసింది. నేను పైన రాసిన 65 నిమిషాల లెక్క అక్కడిది. అది ఇంగ్లిష్‌లోకి వచ్చి, దేశదేశాలు తిరిగింది. మజాక్ అన్న సంగతి దారిలో రాలిపోయింది. ‘రష్యా పత్రికలో వచ్చింది’ అన్న ముక్క మాత్రం మిగిలింది. మా పేషాలో ఇది కొత్త కాదు. ఒక పత్రికలో వచ్చిందన్నదే ఇంకో పత్రికకి దలీల్ అవుతుంది. రెండింటిలో వచ్చిందన్నది మూడోదానికి దలీల్. ఎవరూ గుడ్డు ముట్టుకోరు.

మూడోది 2008లో. కొన్ని ఫోన్లు బల్ల మీద గుండ్రంగా పెట్టి, మధ్యలో మొక్కజొన్న గింజలు పోసి, అన్నిటికీ ఒకేసారి రింగ్ ఇస్తే గింజలు పేలి పాప్‌కార్న్ అయిపోయే వీడియోలు యూట్యూబ్‌లో వచ్చాయి. లక్షల మంది చూశారు. ఇళ్లలో చేసి చూసి, ఏమీ కాక తల గోక్కున్నవాళ్లూ ఉన్నారు. చివరికి అవి కార్డో సిస్టమ్స్ అనే కంపెనీ తీయించిన వీడియోలని బయటపడింది. ఆ కంపెనీ అమ్మేది ఫోన్‌ని చెవికి ఆనించకుండా మాట్లాడుకునే బ్లూటూత్ హెడ్‌సెట్లు. పేలిన పాప్‌కార్న్‌ని పైనుంచి జారవిడిచి, ఎడిటింగ్‌లో గింజల్ని మాయం చేశామని కంపెనీ పెద్దే టీవీలో చెప్పాడు. మొక్కజొన్న గింజ పేలాలంటే దాని లోపల సుమారు 180 డిగ్రీల వేడి పుట్టాలి. అంత వేడి పుట్టించే ఫోన్‌ని పట్టుకుని నవ్వుతూ కూర్చోవడం కుదరదన్న ఆలోచన చూసినవాళ్లలో చాలామందికి రాలేదు.

ఇదీ సనద్. ఒక మజాక్, ఒక పత్రిక సంచలనం, ఒక తిజారత్. ఈ మూడింటిలో ఒక్కరు కూడా నిజంగా గుడ్డు ఉడికించలేదు.

సరే, సనద్ బలహీనమైనంత మాత్రాన మాట అబద్ధం కానక్కర్లేదు కదా, మైక్రోవేవ్ ఓవెన్‌లో వంట అవుతోంది కదా, ఫోన్‌లోంచి వచ్చేవీ అవే తరంగాలు కదా అని మీరు అడగొచ్చు. అడగాలి కూడా. తరంగాల జాతి ఒకటే. ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పని చేస్తుంది. మన వైఫై, బ్లూటూత్ కూడా దాదాపు అక్కడే పని చేస్తాయి. సెల్‌ఫోన్ సిగ్నళ్లు కొన్ని దానికి కింద, కొన్ని పైన ఉంటాయి. ఈ తరంగాలు తగిలితే నీటి అణువులు అటూ ఇటూ ఊగుతాయి. ఆ ఊగులాటలో వేడి పుడుతుంది. ఓవెన్‌లో నిన్నటి బిర్యానీ వేడెక్కేది అలాగే.

ఈ సంగతి కూడా తజ్రుబా వల్లనే బయటపడింది. 1945లో అమెరికాలోని రేథియాన్ కంపెనీలో పెర్సీ స్పెన్సర్ అనే ఇంజనీర్ రాడార్ కోసం వాడే మాగ్నెట్రాన్ పక్కన నిలబడితే జేబులోని మిఠాయి కరిగిపోయింది. ఆయన అక్కడితో ఆగలేదు. మొక్కజొన్న గింజలు తెప్పించి పెట్టాడు, పేలాయి. గుడ్డు పెట్టాడు, అది పగిలి చిందింది. చిన్నప్పుడే బడి మానేసిన మనిషి ఆయన. చూసినదాన్ని మళ్లీ మళ్లీ చేసి రూఢి చేసుకోవడమే ఆయన తాలీమ్. రెండేళ్ల తర్వాత మార్కెట్‌లోకి వచ్చిన మొదటి ఓవెన్ దాదాపు ఆరడుగుల ఎత్తు, 340 కిలోల బరువు ఉండేది.

తేడా అంతా బలంలో ఉంది. ఇంట్లో ఉండే ఓవెన్ 700 నుంచి 1000 వాట్ల తరంగాలను ఇనప పెట్టెలో బంధించి తిండి మీదకు పంపుతుంది. పాత జీఎస్‌ఎం ఫోన్ గట్టిగా మాట్లాడితే 2 వాట్లు పంపేది. అదీ ఎనిమిదింట ఒక వంతు సమయమే. సగటు తీస్తే పావు వాట్. ఇప్పటి 4జీ ఫోన్ గరిష్ఠంగా పంపేది దాదాపు 0.2 వాట్. టవర్ దగ్గర్లో ఉంటే అందులో వందో వంతు కూడా వాడదు. పైగా ఆ కాస్తా పెట్టెలో బంధించి ఉండదు, నలుదిక్కులా చెదిరిపోతుంది. ఇంకో సంగతి. గుడ్డుకి ఇటూ అటూ ఉన్న ఫోన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. రెండూ విడివిడిగా టవర్‌తో మాట్లాడతాయి. కాబట్టి వాటి ‘మధ్యలో’ గుడ్డు పెట్టడమన్న మాటకే అర్థం లేదు.

ఇక హిసాబ్. 60 గ్రాముల గుడ్డుని గది వేడి 30 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు తేవాలంటే సుమారు 10,000 జౌల్స్ శక్తి కావాలి. 800 వాట్ల ఓవెన్ కాగితం లెక్కలో పదమూడు సెకన్లలో ఇచ్చేస్తుంది. పెంకుతో ఉన్న గుడ్డుని మాత్రం అందులో పెట్టకండి, బాంబులా పేలుతుంది. పావు వాట్ ఫోన్‌కి అదే పని చేయడానికి పదకొండు గంటలు పడుతుంది. రెండు ఫోన్లకు ఐదున్నర గంటలు. అదీ ఫోన్‌లోంచి వచ్చే ప్రతి చుక్కా గుడ్డులోకే పోయి, పోయింది మళ్లీ బయటికి రాకుండా ఉంటే. అలా ఎన్నటికీ జరగదు. వేడెక్కిన ప్రతి వస్తువూ చుట్టూ ఉన్న గాలికి వేడి వదులుతూనే ఉంటుంది. కింద చిల్లు పడ్డ బిందెలోకి పైనుంచి చుక్క చుక్క నీళ్లు వదిలినట్టు ఉంటుంది. కొంచెం నిండగానే పడే నీళ్లూ కారే నీళ్లూ సమానమై, మట్టం అక్కడే ఆగిపోతుంది. రెండు ఫోన్ల శక్తి అంతా గుడ్డులోకే పోయిందనుకున్నా, మోటా లెక్కలో ఏడు డిగ్రీలు పెరిగి ఆగిపోతుంది. 65 నిమిషాలు కాదు, 65 రోజులు ఉంచినా అంతే.

గుడ్డు తెల్లసొన గట్టిపడటం మొదలయ్యేది 60 డిగ్రీలు దాటాక. ఈ సంగతి పుస్తకం చదవకుండానే పల్లెలో అందరికీ తెలుసు. కోడి 21 రోజులు గుడ్ల మీద కూర్చుంటుంది. దాని ఒంటి వేడి గుడ్లని దాదాపు 38 డిగ్రీల దగ్గర ఉంచుతుంది. గుడ్డు ఉడకదు, పిల్ల అవుతుంది. మనిషి ఊరికే కూర్చున్నా ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి బయటికి వస్తుంది. గుడ్డుని గుప్పిట్లో పట్టుకుంటే రెండు ఫోన్ల సిగ్నల్ కన్నా ఎక్కువ వెచ్చబడుతుంది.

హిసాబ్ నమ్మనివాళ్లకు తజ్రుబా ఉంది. బ్రిటన్‌లో స్కై వన్ చానల్‌లో బ్రెయినియాక్ అనే కార్యక్రమం వచ్చేది. వాళ్లు ఒక గుడ్డు చుట్టూ 100 సెల్‌ఫోన్లు పేర్చి, అన్నిటికీ కాల్స్ చేశారు. తర్వాత గుడ్డు పగలగొడితే పచ్చిగానే ఉంది.

ఈ పరీక్ష ఇంట్లో పిల్లలతో చేయించొచ్చు. చేయించాలి అంటాను. కానీ చేసే తీరులో ఒక మెలిక ఉంది. గంట సేపు ఫోన్ వాడితే అది దానంతట అదే వేడెక్కుతుంది. బ్యాటరీ, ప్రాసెసర్, స్క్రీన్ పుట్టించే వేడి అది. సిగ్నల్‌కి దానితో పని లేదు. ఆ ఫోన్‌ని గుడ్డుకి ఆనించి పెడితే గుడ్డు కొద్దిగా వెచ్చబడుతుంది. చూసినవాడు ‘చూశారా, రేడియేషన్!’ అంటాడు. కళ్లతో చూశానన్న మాట నిజమే, చూసినదానికి చెప్పిన కారణమే తప్పు.

కాబట్టి ఇలా చేయండి. మూడు ఒకేలాంటి గాజు గ్లాసులు, మూడింటిలో కొలిచి పోసిన కొద్దిపాటి నీళ్లు. స్టీలు గ్లాసులు వద్దు, లోహం సిగ్నల్‌ని ఆపేస్తుంది. మొదటి గ్లాసు పక్కన రెండు వేళ్ల దూరంలో కాల్ నడుస్తున్న ఫోన్. రెండోదాని పక్కన అంతే దూరంలో ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ముందే దించుకున్న వీడియో ఆడుతున్న ఫోన్. మూడోదాని పక్కన స్విచాఫ్ చేసిన ఫోన్. ఫ్యాన్ ఆపేయండి. జ్వరం చూసే థర్మామీటర్ గది వేడిని చూపించదు, వంటకి వాడేదో, చేపల తొట్టికి వాడేదో తెచ్చుకోండి. ఎన్ని డిగ్రీలు పెరుగుతుందని అనుకుంటున్నారో మొదలుపెట్టకముందే కాగితం మీద రాయించండి. గంట తర్వాత మూడింటినీ కొలవండి. గ్లాసులు మార్చి మళ్లీ చేయండి. మొదటి గ్లాసుకీ మూడోదానికీ తేడా రాకపోతే ఖబర్ పని అక్కడే అయిపోయింది. మొదటిదీ రెండోదీ సమానంగా వెచ్చబడితే, ఆ వేడి సిగ్నల్‌ది కాదని తెలిసిపోతుంది. మూడో గ్లాసు ఎందుకని పిల్లలు అడుగుతారు. ఆ జవాబు అర్థమైతే సైన్సులో సగం అర్థమైనట్టే. మనం నిందిస్తున్న కారణం లేనప్పుడు కూడా అదే జరుగుతుందా అని చూడటానికే ఆ గ్లాసు.

ఈ పద్ధతి ఎక్కడో పరాయి దేశం నుంచి అరువు తెచ్చుకున్నదని కొందరు అనుకుంటారు. బస్రాలో పుట్టి, కైరోలో పని చేసిన ఇబ్నుల్ హైసమ్ వెయ్యేళ్ల కిందట చేసింది ఇదే. కంటిలోంచి కిరణాలు బయటికి పోవడం వల్ల మనకి చూపు వస్తుందని గ్రీకు పెద్దల్లో కొందరు చెప్పారు. పెద్దలు చెప్పారు కదా అని ఆయన ఒప్పుకోలేదు. చీకటి గది, చిన్న రంధ్రం, బయట వరసగా దీపాలు పెట్టి, ఒక్కో దీపం మూసి చూశాడు. ఏ దీపం మూస్తే గోడ మీద దాని వెలుగే పోయింది. వెలుగు వస్తువు నుంచి కంటికి వస్తుందని ‘కితాబ్ అల్ మనాజిర్’లో రాశాడు. ఉర్దూ మీడియం బడిలో మేం తజ్రుబా అన్న మాట నేర్చుకున్నాం. ఆ ఒక్క మాటకే ప్రయోగం అనీ అర్థం ఉంది, అనుభవం అనీ అర్థం ఉంది. తెలుగులో అవి రెండు మాటలు. మన ఇళ్లలో ‘అనుభవం’ మిగిలి, ‘ప్రయోగం’ పోయిందేమో అనిపిస్తుంది.

ఇక్కడ ఒక దోస్త్ తప్పకుండా అంటాడు: భాయ్, నువ్వు సెల్ కంపెనీల వకీలువా? కాదు. ఫోన్ సిగ్నల్ ఒంట్లో కొంచెం వేడి పుట్టిస్తుందన్నది నిజమే. అందుకే దానికి హద్దు పెట్టారు. మన దేశంలో 2012 సెప్టెంబర్ 1 నుంచి ఆ హద్దు కిలోకి 1.6 వాట్లు, ఒక గ్రాము కండ మీద సగటు తీసి. మీ ఫోన్ లెక్క చూడాలంటే స్టార్, హ్యాష్, 07, హ్యాష్ నొక్కండి, చాలా ఫోన్లలో కనిపిస్తుంది. డబ్ల్యూహెచ్‌ఓ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో ఈ తరంగాలను ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే 2బి జాబితాలో పెట్టింది. అంటే రుజువైందని కాదు, అనుమానం పూర్తిగా తీరలేదని. ఆ తర్వాత డబ్ల్యూహెచ్‌ఓ చేయించిన పెద్ద సమీక్ష 2024లో వచ్చింది. సెల్‌ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కీ సంబంధం కనపడలేదని అందులో తేలింది. తహ్‌ఖీఖ్ నడుస్తోంది, నడవాలి. జాగ్రత్తగా ఉండాలనుకునేవాళ్లు స్పీకర్ పెట్టుకుని మాట్లాడొచ్చు. అందులో ఖర్చేం లేదు.

టవర్ల సంగతీ అంతే. అంతర్జాతీయ హద్దులో పదో వంతే మన దేశం 2012లో పెట్టుకుంది. 900 మెగాహెర్ట్జ్ దగ్గర అది చదరపు మీటర్‌కి 0.45 వాట్. మే నెల మిట్టమధ్యాహ్నం చార్మినార్ దగ్గర నిలబడ్డ మనిషి మీద పడే ఎండ చదరపు మీటర్‌కి దాదాపు 1000 వాట్లు. టవర్ వద్దని మొహల్లా అంతా గొడవ చేసి తీయించేస్తే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. టవర్ దూరమైన కొద్దీ ఫోన్ గొంతు పెంచి అరవాల్సి వస్తుంది. ఆ అరుపు మన చెవి పక్కనే. టవర్‌కి భయపడినవాడు ఎక్కువ రేడియేషన్‌ని తలకి దగ్గరగా తెచ్చుకుంటాడు.

ఇన్ని చెప్పాక కూడా ఒక ప్రశ్న మిగిలే ఉంది. గుడ్డు ఉడకకపోతే ఉడకలేదు, నమ్మినవాడు నమ్మాడు, ఎవరికేం నష్టం?

నష్టం ఉంది. కళ్లముందే ఉంది. 2020 ఏప్రిల్‌లో కరోనా 5జీ వల్లే వస్తోందన్న అఫ్వా బ్రిటన్‌లో వ్యాపించి, జనం పదుల సంఖ్యలో టవర్లు తగలబెట్టారు. బర్మింగ్‌హామ్‌లో కాలిన ఒక టవర్ కొత్తగా పెట్టిన కరోనా ఆసుపత్రికి సిగ్నల్ ఇచ్చేది. కుటుంబాన్ని చూడలేక మంచం మీద నుంచి ఫోన్‌లో మాట్లాడుకునే రోగులున్న ఆసుపత్రి అది. మన దేశంలో 2021 మే నెలలో, రెండో వేవ్‌లో శ్మశానాలకీ ఖబ్రస్తాన్లకీ తీరిక లేని రోజుల్లో, ఇదే అఫ్వా తిరిగింది. 5జీ ట్రయల్స్ ఇంకా మొదలే కాలేదని టెలికాం శాఖ ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది.

ఇంకా దగ్గరికి వస్తాను. 2018 మే, రంజాన్ నెల. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని తెలుగు రాష్ట్రాల్లో వాట్సాప్ మెసేజ్‌లు ఊరూరా తిరిగాయి. హైదరాబాద్ పాతబస్తీలో, చాంద్రాయణగుట్టలో, అడుక్కోవడానికి వచ్చిన ట్రాన్స్‌జెండర్ మహిళల మీద గుంపు పడింది. ఒకామె చనిపోయింది. అడిగినవాళ్లకు ఇవ్వడమే ఇబాదత్ అనుకునే నెలలో అడగడానికి వచ్చిన మనిషిని చంపేశారు. దాదాపు ఏడు వారాలు గడిచాయి. జూలైలో హైదరాబాద్ నుంచి బీదర్ జిల్లాకు దోస్తులతో వెళ్లిన ఒక ముస్లిం యువకుణ్ని ముర్కి గ్రామంలో గుంపు కొట్టి చంపింది. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అతను. దారిలో పిల్లలకు చాక్లెట్లు పంచారన్నదే మూలం. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లన్న మాట వాళ్ల కారు కన్నా ముందే ఫోన్‌లో తర్వాతి ఊరికి చేరి, అక్కడ దారి మూసి కాచుకుంది. మొదటి ఘటనలో అఫ్వా మన గల్లీలోకి వచ్చింది. రెండోదాంట్లో మన బిడ్డ అఫ్వా గల్లీలోకి వెళ్లాడు. రెండుచోట్లా ఒకే ఫోన్, ఒకే వేలు, ఒకే ఫార్వర్డ్ బటన్. ఆ జూలైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా హద్దు పెట్టింది.

2020లో మర్కజ్ పేరు పెట్టి ఖౌమ్ మొత్తాన్నీ కరోనా మోసుకొచ్చినవాళ్లుగా చూపించారు. కూరగాయల బండి నెట్టుకునేవాణ్ని పేరు అడిగి గల్లీలోంచి తరిమారు. ఆ ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ విదేశీ తబ్లీగీల మీద కేసులు కొట్టేస్తూ, వాళ్లని బలిపశువుల్ని చేశారని తప్పుపట్టింది. అప్పటికి అఫ్వా తన పని తాను చేసుకుపోయింది. తీర్పుని ఎవరూ అంత ఉత్సాహంగా ఫార్వర్డ్ చేయలేదు.

అఫ్వా మన మీద పడ్డప్పుడు మనకి దాని జాలిమ్ ముఖం కనిపిస్తుంది. అది మన దగ్గర్నుంచి బయల్దేరినప్పుడు ‘మంచి కోసమే కదా పంపాను’ అంటాం. పోలియో చుక్కల విషయంలో ఏం జరిగిందో మర్చిపోకూడదు. చుక్కలు వేస్తే పిల్లలకు సంతానం కలగదన్న అఫ్వా ఉత్తరప్రదేశ్‌లో మన మొహల్లాల్లో తిరిగింది. 2002లో అక్కడ పోలియో ప్రబలినప్పుడు కాళ్లు చచ్చుబడ్డ పిల్లల్లో ముస్లిం పిల్లలు జనాభా నిష్పత్తి కన్నా చాలా ఎక్కువ. మెసేజ్ పంపినవాడి కాళ్లు బాగానే ఉన్నాయి. తర్వాత ఇమామ్‌లు, ఆలిమ్‌లు, అలీగఢ్, జామియా యూనివర్సిటీల వాళ్లు గడప గడపకూ వెళ్లి చెప్పారు. మస్జిద్ మైకుల్లో చెప్పారు. 2011 జనవరి తర్వాత దేశంలో వైల్డ్ పోలియో కేసు రాలేదు. 2014 మార్చిలో దేశం పోలియో నుంచి బయటపడినట్టు డబ్ల్యూహెచ్‌ఓ ప్రకటించింది. అఫ్వాని ఓడించడం మనకి చేతనవుతుందనడానికి ఇంతకన్నా దలీల్ అక్కర్లేదు.

అందుకే నాకు గుడ్డు ముఖ్యం. పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న మెసేజ్ వచ్చిన రాత్రి ఎవరూ తీరిగ్గా తహ్‌ఖీఖ్ చేయరు. గుండె దడదడలాడుతుంటుంది, గుంపు పోగవుతుంటుంది. ఆ రాత్రి ఆగి ఆలోచించాలంటే ఆ అలవాటు ముందే ఉండాలి. అలవాటు చేసుకోవడానికి కోడిగుడ్డు కన్నా మంచి ఖబర్ దొరకదు. ఎవరి ప్రాణమూ పోదు, ఎవరి మజ్హబ్ మీదా నింద పడదు, మూడు గ్లాసుల నీళ్లతో సాయంత్రానికి తేలిపోతుంది. చిన్న ఖబర్ దగ్గర నేర్చుకోని తహ్‌ఖీఖ్ పెద్ద ఖబర్ దగ్గర ఊడిపడదు.

డిగ్రీలో తెలుగు చదువుతున్నప్పుడు నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటుంది. తెలుగు ‘కబురు’ మన ఖబరే. తెలుగు ‘పుకారు’ మన పుకార్. తెలుగు ‘రుజువు’ కూడా మన రుజూ, అంటే వెనక్కి మళ్లడం. మూడు మాటలూ ఉర్దూ దారిలోనే వచ్చి తెలుగువాళ్ల నోట స్థిరపడ్డాయి. ఉర్దూలో పుకారుని అఫ్వాహ్ అంటాం. అరబ్బీలో ఆ మాటకి నోళ్లు అని అర్థం. ఒక నోటి నుంచి ఇంకో నోటికి ముందుకు పోయేది పుకారు. రుజువు కోసం వెనక్కి మళ్లాలి. ఫోన్‌లో ముందుకు పంపే బటన్ పెద్దగా కనిపిస్తుంది. వెనక్కి వెళ్లే పని మనమే చేసుకోవాలి.

ఖురాన్‌లో సూరా హుజురాత్ ఆరో ఆయత్ చెప్పేది కూడా ఇదే. నమ్మదగని మనిషి ఖబర్ తెస్తే ముందు తేల్చుకొమ్మని, లేకపోతే తెలియకుండా ఒక ఖౌమ్‌కి హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడతారని హెచ్చరిస్తుంది. నమాజ్, రోజా గురించి చెప్పినంత గట్టిగా ఈ ఆయత్ గురించి మన ఖుత్బాల్లో వినపడదు. వినపడాలి. నెలకి ఒక జుమా ఆ నెలలో తిరిగిన ఒక తప్పుడు ఖబర్ తీసుకుని, అది ఎక్కడ పుట్టింది, ఎలా తేలింది అని పది నిమిషాలు చెప్పే ఇమామ్‌లు మనకి కావాలి. మదర్సాల్లో సనద్ ఎలా పరిశీలించాలో నేర్చుకునే పిల్లల చేతికి ఒక థర్మామీటర్ కూడా ఇవ్వాలి. వాళ్లకి సగం విద్య ముందే వచ్చు.

ఇంట్లో చేయగలిగింది ఇంకా తేలిక. గ్రూపులో ఏదైనా పెట్టేవాళ్లు మొదట ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో రాయాలని అడ్మిన్ ఒక షరతు పెట్టొచ్చు. రాయలేకపోతే పంపకూడదు. తప్పని తేలితే, పంపిన గ్రూపులోనే ‘ఇది తప్పు’ అని మళ్లీ రాయాలి. పెద్దవాళ్లు పంపినదాన్ని తప్పని చెప్పడం బేఅదబీ అని చాలామంది ఊరుకుంటారు. అదబ్ ఊరుకోవడంలో లేదు, చెప్పే తీరులో ఉంది. "ఖాలా, మనిద్దరం కలిసి చేసి చూద్దామా" అంటే ఏ ఖాలా నొచ్చుకోదు.